కాలికి బదులు

"ఎడమ కాలు ఎత్తి నేల మీద ఒక్కసారి గట్టిగా తొక్కు," అంది డాక్టర్ ముద్దాడ వాసంతి.

నూకరత్నం తొక్కింది. మోకాలి కింద చుట్టిన నల్ల పట్టీ మీద చిన్న దీపం వెలిగి ఆరింది. గోడకున్న స్పీకర్లోంచి ఎండుపుల్ల విరిచినట్టు టిక్కుమని చప్పుడొచ్చింది.

"అదేంటి మేడమ్?"

"నీ ఎముక చప్పుడు."

తలుపు దగ్గర కూర్చున్న రత్నం తల్లి పోలమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఓలమ్మో! మళ్లీ ఇరిగిపోనాదేటి?"

"విరగలేదమ్మా, కూర్చోండి. అందరి ఎముకలూ ఇలాగే చప్పుడు చేస్తాయి. మన చెవికి అందదు, అంతే."

"నా ఎముకలు కూడానా?"

"మీవి కూడా."

పోలమ్మ తన కాళ్లకేసి అనుమానంగా చూసుకుని కూర్చుంది. ముప్పయ్యేళ్లుగా చేపల గంప నెత్తిన పెట్టుకుని విశాఖ వీధులన్నీ తిరిగిన కాళ్లవి. అవి తన వెనకాల ఏవో చాటుమాటు కబుర్లు చెప్పుకుంటున్నాయని ఆమెకి ఆరోజే తెలిసింది.

ఇక్కడ కాస్త ఆగి ఈ పట్టీ సంగతి చెప్పేస్తాను. అది అర్థం కాకపోతే తర్వాత జరిగింది వింతగా ఉంటుంది. అర్థమైతే మరీ బాధగా ఉంటుంది, ఎవరిని తిట్టాలో తెలీదు. అయినా అర్థం చేసుకోవడమే మంచిది.

ఎముకంటే రాయి అనుకుంటాం. కాదు. అది మన మున్సిపాలిటీ రోడ్డులాంటిది. రోజూ ఎక్కడో అక్కడ సన్నగా పగులుతూనే ఉంటుంది, ఒళ్లు ఆ పగుళ్లని పూడుస్తూనే ఉంటుంది. నడిచేవాళ్లకి తక్కువ పగుళ్లు, పరుగెత్తేవాళ్లకి ఎక్కువ. పూడ్చే పని ముందుంటే ఎముక ఇంకా గట్టిపడుతుంది. వెనకబడిందా, ఒకరోజు పగుళ్లన్నీ కలిసి ఒకే చీలికైపోతాయి, పరుగెత్తే మనిషి రోడ్డు మీద కూలబడుతుంది. ఎక్స్‌రేలో కనబడేసరికి చెయ్యిదాటిపోతుంది.

వాసంతి చేసింది ఆ పగుళ్లని వినే యంత్రం. ఎముక పగిలిన ప్రతిసారీ వచ్చే చప్పుడుని పట్టీలో సెన్సర్లు పట్టుకుంటాయి. ఏ పగులు పూడింది, ఏది పూడలేదన్నది కూడా మర్నాటి చప్పుడుని బట్టి చెబుతాయి. ఇవాళ ఎంత పరుగెత్తొచ్చో పొద్దున్నే చెప్పి, అది దాటగానే కాలి మీద జుయ్యిమని అదిరి 'చాలు' అంటుంది పట్టీ. నెలాఖరుకి గ్రాఫ్ గీస్తుంది. అందులో ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. మీ నెల ఆ గీత దాటితే మీ కాలు పరుగుకి పనికొస్తుంది. దాటకపోతే నోరుమూసుకుని ఇంట్లో కూర్చోవాలి.

అది వచ్చిన రెండేళ్లకి విశాఖ బీచి రోడ్డు మారిపోయింది. పొద్దున్నే ఎదురైన వాళ్లు "బాగున్నారా?" అనడం మానేసి "మీ నెల ఎలా ఉందండీ?" అనడం మొదలుపెట్టారు. జీవితంలో బస్సు కోసం తప్ప పరుగెత్తని పెద్దమనుషులు కూడా పట్టీ కట్టుకుని, టీ బడ్డీల దగ్గర తమ గ్రాఫులు ఒకరికొకరు చూపించుకునేవారు. వాళ్లని వదిలేద్దాం. వాళ్ల నెల బాగున్నా బాగోకపోయినా సముద్రం అక్కడే ఉంటుంది.

రత్నం సంగతి వేరు. ఆమెకి కావలసింది ఆ సముద్రం.

గరికిన నూకరత్నం పెదజాలారిపేట పిల్ల. ఆ పేటలో మగాళ్లు వేటకెళతారు, ఆడాళ్లు చేపలమ్ముతారు. ఆడది పడవెక్కదు. ఎక్కితే వల నిండదంటారు. డిగ్రీ పాసైనా, ఈతలో పేట కుర్రాళ్లందర్నీ ఓడించినా, రత్నం ఏనాడూ పడవెక్కలేదు. సాగర భద్రతా దళం ఆడవాళ్లకి కూడా పడవలిస్తామని ప్రకటించినప్పుడు ఆ పిల్ల ఇంట్లో గంతులేసింది. పరీక్ష ఒక్కటే: బీచి వెంట అయిదు కిలోమీటర్ల పరుగు, దళం చెప్పిన సమయంలోగా.

మొదటిసారి సాధనలోనే ఎడమ కాలి ఎముక చిట్లింది. రెండోసారి పరీక్షలోనే, ఇంకో ఊపులో గమ్యమనగా, అదే చోట మళ్లీ చిట్లింది. ఇది మూడోసారి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక దరఖాస్తు పెట్టడానికే ఉండదు.

దళం వాళ్లు పట్టీని తప్పనిసరి చేశారు. దానికి కారణాలున్నాయి. శిక్షణలో కాళ్లు విరగ్గొట్టుకుని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. పైగా ఒకరి బదులు ఇంకొకరు పరుగెత్తడం కూడా జరిగింది. పట్టీ ఈ రెండింటికీ మందు. పరీక్షకి మూడు రోజుల ముందు పట్టీని దళం ఆఫీసులో ఒప్పజెప్పాలి. వాళ్లు అందులోని నెల లెక్క చూసి, సీలు వేసి దాచి, పరుగు రోజున గీత దగ్గర తిరిగిస్తారు.

"మేడమ్, దీన్ని మా ఫ్రెండ్ కాలికి కడితే ఏమవుతుంది?" అని మొదట్లోనే అడిగింది రత్నం.

"అరుస్తుంది. గొంతుని బట్టి మనిషిని గుర్తుపడతాం కదా, అలాగే ఎముక చప్పుడుని బట్టి ఇది నిన్ను గుర్తుపడుతుంది."

"నా కాలు బాగుపడితే చప్పుడు మారదా? అప్పుడు నన్నే కాదంటుందేమో."

వాసంతి నవ్వింది. ఆ ప్రశ్న ఆమెకి నచ్చింది. "మంచి మాట అడిగావు. బాగుపడే ఎముక చప్పుడు కొద్దికొద్దిగా మారుతుంది. అలా మెల్లగా మారితే ఒప్పుకోమని దీనికి నేర్పాను. మధ్యలో ఆగకుండా ఎక్కువ దూరం విన్నదాన్ని ఎక్కువ నమ్ముతుంది. గాయపడ్డ వాళ్ల కోసమే చేసిన ఏర్పాటు ఇది."

ఆ ఏర్పాటే కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు?

ఫిబ్రవరి అంతా నడకే. మార్చిలో నడక మధ్యలో కాస్త పరుగు. పట్టీ 'చాలు' అన్నప్పుడల్లా రత్నానికి ఒళ్లు మండిపోయేది. ఊపిరి ఉంది, కాలు లాగుతోంది, ఎదురుగాలి కూడా లేదు, చాలంటుందేమిటి? వెనకనుంచి ముసలాయన ఒకడు తూలుకుంటూ వచ్చి ఆమెని దాటిపోతూ "ఏమ్మా, అలిసిపోయావా?" అనేవాడు. అతన్ని సముద్రంలో ముంచేయాలనిపించేది.

ఏప్రిల్లో ఇక ఆగలేకపోయింది. పట్టీని ఇంట్లో విప్పి పడేసి, తడి ఇసుకలో తనివితీరా పరుగెత్తింది. నెలాఖరున వాసంతి ఎదుట కూర్చుంటే గ్రాఫ్ గీత కిందికి జారిపోయి ఉంది.

"పట్టీ లేకుండా పరుగెత్తావు," అంది వాసంతి. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక్కరోజే మేడమ్."

"ఒక్కరోజు ఆనందానికి నెల పోయింది. ఇంకా మూడు నెలలే ఉన్నాయి. నువ్వు పరుగెత్తగలవని నాకు తెలుసు రత్నం. నువ్వు ఆగగలవా అన్నదే నాకు తెలీదు."

ఆ సాయంత్రం రత్నం ఇంటికొచ్చి గోడకి జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పోలమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది, అన్నం కలిపి తినిపించబోయింది, ఏమీ తోచక తనూ ఏడ్చింది. అప్పుడే కాబోలు సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. మొక్కు నోటితో బయటికి చెబితే ఫలం పోతుందని ఆమె నమ్మకం. అందుకని ఎవరికీ చెప్పలేదు.

మే నుంచి రత్నం మారిపోయింది. పట్టీ ఆగమంటే ఆగింది. పడుకోమంటే పడుకుంది. మే గ్రాఫ్ కాస్త లేచింది, జూన్‌ది ఇంకాస్త లేచింది. పరుగెత్తే మనిషికి ఆగడం ఎంత కష్టమో ఆగినవాళ్లకే తెలుస్తుంది. స్నేహితురాళ్లు రోజుకింత దూరం పరుగెత్తామని చెప్పుకుంటుంటే, తను కాలు పైకెత్తి పెట్టుకుని కిటికీలోంచి పడవల్ని చూస్తూ కూర్చునేది. జులైలో ఆమె పరుగు వాసంతికే ముచ్చటేసేలా ఉంది.

ఆషాఢ పౌర్ణమి వచ్చింది. ఆ ముందురోజు సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణ. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా ముప్పై రెండు కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. పోలమ్మ ఏటా వెళుతుంది. ఆ మర్నాడే దళం ఆఫీసులో పట్టీ ఒప్పజెప్పాలి. చివరిరోజు పట్టీ విప్పేసి కాలికి గాలి తగలనివ్వమని, మంచం దిగొద్దని వాసంతి చెప్పింది. రత్నం దాన్ని విప్పి ఛార్జింగుకి పెట్టింది.

"పట్టీ నాను బద్రంగా దాస్తాన్లే. నువ్వు పడుకో," అని చెప్పి పోలమ్మ మధ్యాహ్నం బయల్దేరింది. మర్నాడు పొద్దున్న కాళ్లు దుమ్ము కొట్టుకుపోయి, మొహం మాత్రం వెలిగిపోతూ వచ్చింది. పట్టీ కూతురి చేతిలో పెట్టి, నుదుటన బొట్టు పెట్టింది. రత్నం దాన్ని తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేసింది.

పరీక్షరోజు పొద్దున్న మబ్బు పట్టింది. గీత దగ్గర సీలు తీసి, పరుగయ్యేదాకా గొంతూ దీపమూ ఆపేసి పట్టీ కట్టారు. ఈల వేశారు. మొదటి కిలోమీటరు రత్నం తన కాలి చప్పుడే వింటూ పరుగెత్తింది. ఎక్కడైనా సూదిపోటు వస్తుందేమోనని భయం. రాలేదు. మూడో కిలోమీటరు దాటాక భయం మర్చిపోయింది. రెండోసారి కూలబడ్డ చోటు దాటుతుంటే మాత్రం కళ్లు మూసుకుంది. కాలు నేలని తన్నింది, నేల ఆమెని ముందుకి తోసింది. అంతే. దళం చెప్పిన సమయానికి బోలెడంత ముందే గమ్యం చేరి, ఇసుకలో బోర్లా పడి నవ్వింది. పోలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి కూతురి పాదాలు పట్టుకుంది. తల్లి కూతురి పాదాలు పట్టుకోకూడదని ఎవరో అన్నారు. ఆమెకి వినపడలేదు.

సాయంత్రం జాబితా వచ్చింది. అందులో రత్నం పేరు లేదు.

కమాండెంట్ దాసరి విల్సన్ చెడ్డవాడు కాదు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాకే మాట మొదలుపెట్టాడు. తల్లీ కూతురూ ఒకవైపు, కబురందుకుని పరుగున వచ్చిన వాసంతి ఇంకోవైపు.

"పరుగు సమయంలోగా పూర్తయింది. కానీ ఆ పరుగెత్తిన కాలు నూకరత్నంది కాదని పట్టీ చెబుతోంది," అన్నాడు.

"నేనే పరుగెత్తాను సార్. అందరూ చూశారు!"

"మొహం నీదే అమ్మా. మొహాల్ని నమ్మి మేం ఇదివరకు మోసపోయాం. అందుకే కాలిని నమ్ముతున్నాం."

వాసంతి పట్టీ లెక్కని తెరమీద తెరిచి వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగిపోయింది.

"రత్నం, పట్టీ ఒప్పజెప్పే ముందు రాత్రి నువ్వు గిరిప్రదక్షిణ చేశావా?"

"లేదు మేడమ్. మీరు మంచం దిగొద్దన్నారు కదా. అమ్మ వెళ్లింది."

అందరూ పోలమ్మని చూశారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ తలొంచుకుంది.

"అమ్మా, పట్టీ నువ్వు కట్టుకున్నావా?"

"సెప్పకూడదే."

"చెప్పమ్మా! నా ఉద్యోగం పోతోంది!"

పోలమ్మ చెప్పింది. కూతురి కాలు బాగుపడితే వెండికాలు చేయించి స్వామికి ఇస్తానని మొక్కుకుంది. కాలు బాగులేనివాళ్లు కాలు, కళ్లు బాగులేనివాళ్లు కళ్లు, అలా వెండితో చేయించి ఇవ్వడం అక్కడ మామూలే. కంసాలి చెప్పిన ధర విని ఇంటికొచ్చేసింది.

"అంత ఎండి నానెక్కడ తేనూ? దాని కాలు సంగతంతా ఆ పట్టీకే తెలుసని డాక్టరమ్మే సెప్పినాది. మరి పట్టీ అంటే దాని కాలే కదా. కాలికి బదులు పట్టీని కొండ సుట్టూ తిప్పితే సామి ఒప్పుకోడా అనుకున్నాను."

"చేతిలో పట్టుకుని నడవొచ్చు కదమ్మా," అంది వాసంతి.

పోలమ్మ ఆ మాటకి ఆశ్చర్యపోయింది. "అదేటి డాక్టరమ్మా? సేతిలో ఎక్కి కూకుంటే అది నడిసినట్టెలా అవుద్ది? మొక్కు మొక్కే కదా. కాలు నడవాల."



జరిగింది ఇది. పట్టీ పోలమ్మ కాలికెక్కినప్పుడు అరవాలి. అరవలేదు. ఫోనులో తల్లి మాట్లాడుతోందో కూతురు మాట్లాడుతోందో ఒక్కోసారి పోల్చుకోలేం కదా, ఎముకలదీ అదే వరస. మొదటి అడుగుల్లో పట్టీకి కాస్త అనుమానమొచ్చింది. తర్వాత, కాలు బాగుపడుతోంది కాబోలు, అందుకే చప్పుడు మారుతోంది అనుకుంది. అలా అనుకోమని నేర్పింది వాసంతే. కొండ చుట్టూ నడిచిన ఆ నడక, అది ఆగకుండా విన్నవాటిలోకెల్లా పెద్దది. పాపం రత్నం ఏనాడూ అంత దూరం నడవలేదు, పరుగెత్తలేదు. పట్టీయే వద్దంది. తెల్లారేసరికి పట్టీ దృష్టిలో నూకరత్నం అంటే పోలమ్మే. బీచి రోడ్డు మీద ప్రాణం పెట్టి పరుగెత్తిన అమ్మాయి ఎవరో దొంగ.

విల్సన్‌కి నమ్మకం కలగడానికి పట్టీని పోలమ్మ కాలికి కట్టి చూశారు. పచ్చదీపం వెలిగింది. "గరికిన నూకరత్నం. ఎముక సరిగ్గా ఉంది," అంది పట్టీ గొంతు. రత్నం కాలికి మారిస్తే ఎర్రదీపం వెలిగింది.

"ఆ ఒక్క రాత్రి లెక్క చెరిపేస్తాను. పాత రత్నం తిరిగొస్తుంది," అంది వాసంతి.

"చెరపడానికి లేదు మేడమ్. సీలు వేశాక లెక్కని పట్టీ తయారుచేసినవాళ్లు కూడా ముట్టుకోకూడదని రూలు. ఆ రూలు పెట్టమని మాకు రాసింది మీరే. ఎవరూ మీకు లంచమిచ్చి లెక్కలు మార్పించకూడదని."

వాసంతి నెత్తి పట్టుకుంది.

"ఒక దారుంది," అన్నాడు విల్సన్. "జాబితా రేపు సాయంత్రం మూసేస్తాం. అప్పటిలోగా పట్టీ తనంతట తాను ఈ అమ్మాయిని నూకరత్నం అని ఒప్పుకుంటే, పరుగు ఈమెదే. అప్పటికి ఎముక కూడా బాగుండాలి. అంతకుమించి నా చేతుల్లో లేదు."

పట్టీ ఒప్పుకోవాలంటే తల్లి నడిచినదానికంటే ఎక్కువ దూరం, మధ్యలో ఆగకుండా, రత్నం నడవాలి.

వాసంతి ఆమెని వరండాలోకి తీసుకెళ్లింది. "వద్దు. ఇవాళ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తావు. ఎముక నిండా పగుళ్లున్నాయి, పూడ్చడానికి రెండు వారాలు పడుతుంది. ఇప్పుడు నడిచావంటే అదే చోట చిట్లుతుంది. ఈసారి చిట్లితే పరుగు మాట దేవుడెరుగు, కుంటకుండా నడవడమే కష్టం."

"నడవకపోతే?"

"కాలు దక్కుతుంది."

"కాలు దక్కించుకుని ఏం చేసుకోను మేడమ్? గంప మోయనా?"

వాసంతి కళ్లు తుడుచుకుంది. చెప్పకూడని మాట చెప్పేసింది. "ఆ రాత్రి నడక లేకపోయినా నీ నెల ఆకుపచ్చ గీత దాటేసింది రత్నం. నువ్వే దాటావు. నీ అంతట నువ్వే."

రత్నం సముద్రంకేసి చూసింది. ఏడవలేదు. "మా అమ్మకి మాత్రం ఈ మాట చెప్పకండి," అంది.

మర్నాడు తెల్లవారుతూనే తొలిపావంచా దగ్గర మొదలుపెట్టింది. బూట్లు వేసుకుంది. పోలమ్మ చెప్పుల్లేకుండా పక్కనే నడిచింది. ఎవరు చెప్పినా వినలేదు. వాసంతి ఫోనులో పట్టీ లెక్క చూసుకుంటూ వెనకాల కారులో మెల్లగా వచ్చింది. తెర మీద రెండు గీతలు. ఒకటి, పట్టీ రత్నాన్ని ఎంత గుర్తుపట్టిందో చెప్పేది. ఇంకోటి పగుళ్లది. రెండూ కలిసి పైకి లేస్తున్నాయి. ఒక గీత లేవాలని, ఇంకోటి లేవకూడదని ఆ మనిషి దారంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. తన చేత్తో చేసిన యంత్రమది.

ప్రదక్షిణ రోజు జనంతో కిక్కిరిసే దారి. ఇవాళ లారీలు, స్కూలు ఆటోలు. కొందరు కారు ఆపి ఏమైందమ్మా అని అడిగారు. ఆగితే లెక్క తెగిపోతుందని రత్నం తలాడించి సాగిపోయింది.

హనుమంతవాక దాటాక నొప్పి మొదలైంది. మొదట దూరంగా, ఎవరో తలుపు కొడుతున్నట్టు. సముద్రం కనబడేసరికి అడుగడుక్కీ పొడిచింది. మొహం చెమటతో తడిసిపోయింది.

"నా బుజం పట్టుకోయే," అంది పోలమ్మ.

"పట్టుకోకూడదమ్మా."

"ఎందుకు పట్టుకోకూడదు? ముప్పయ్యేళ్లు గంప మోసినాను. నిన్ను మొయ్యలేనా?"

"నీ మీద బరువేస్తే నా కాలి మీద బరువు తగ్గుద్ది. పట్టీ లెక్క ఆపేస్తుంది."

పోలమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. జాలారిపేట నుంచి కొండ దాకా కూతురి కోసం ఏదైనా మోసెయ్యగల మనిషి. ఏ బరువూ ఇవ్వకుండా పక్కన వట్టి చేతులతో నడిపించడం ఆమెకి అంతకుముందు ఎవరూ వేయని శిక్ష. ఆమె నడుస్తూనే ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. పట్టీని తిట్టింది, డాక్టర్నీ దళాన్నీ తిట్టింది, వెండి ధరని తిట్టింది. అప్పన్నని తిట్టబోయి నాలిక్కరుచుకుంది.

వాసంతి కారు అద్దం దించింది. "రత్నం, పగుళ్లు హద్దు దగ్గరికొచ్చాయి. ఇక్కడ ఆగితే కాలు మిగులుతుంది. ఆగమ్మా. నువ్వు ఆగగలవని నాకు చూపించావు. ఇంకొక్కసారి ఆగు."

"ఇంకో గీత ఎంత దూరంలో ఉంది మేడమ్?"

వాసంతి అబద్ధం చెప్పలేకపోయింది. "దగ్గర్లోనే."

"అయితే నడుస్తాను. ఏమో, ముందు అదే రావచ్చు కదా."

నడిచింది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికొచ్చింది, వాలింది. చివరి మలుపు దగ్గర ఒక్కసారి తూలింది. పడలేదు. పెదవి కొరుక్కుంది, నెత్తురొచ్చింది. తొలిపావంచా మళ్లీ వచ్చింది. తల్లి నడకకి సమానమైంది. ఇంకాస్త కావాలి. విల్సన్ జీపు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆమె అతన్ని దాటి రోడ్డు వెంట ఇంకా ముందుకి, ఒక పూలకొట్టు, ఒక కొబ్బరికాయల కొట్టు, ఒక మూసేసిన హోటలు దాటి నడిచింది.

పట్టీ మీద పచ్చదీపం వెలిగింది.

"గరికిన నూకరత్నం," అంది పట్టీ.

పోలమ్మ రెండు చేతులూ జోడించి అక్కడే రోడ్డు మీద కూలబడింది. "అదిగో! నా గుంట పేరే సెప్పింది! ఇన్నారా బాబూ, నా గుంట పేరే!" అని విల్సన్ వైపు, పూలకొట్టువాడి వైపు, దారిన పోయేవాళ్ల వైపు తిరిగి తిరిగి చెప్పింది.

పట్టీ ఇంకా పూర్తిచేయలేదు. మనిషి ఎవరో తేలాకే కదా దానికి ఆ మనిషి ఎముక సంగతి చెప్పే హక్కు వచ్చేది. అదే గొంతుతో, ఏ హెచ్చుతగ్గూ లేకుండా చెప్పింది: "ఎడమ కాలి ఎముకలో పూర్తి చీలిక. పరుగుకీ, విధులకీ అనర్హం."

విల్సన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వాసంతి కారు దిగలేకపోయింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయింది. ఆమె యంత్రంలో ఒక్క తప్పు కూడా లేదు. నూకరత్నం ఎవరో సరిగ్గానే చెప్పింది, ఆ కాలు విరిగిందనీ సరిగ్గానే చెప్పింది.

రత్నం కుడికాలి మీద నిలబడి, ఇప్పుడు తల్లి భుజం పట్టుకుంది. బరువంతా వేసింది. పోలమ్మ ఆ బరువుని ఎంతో ఇష్టంగా మోసింది. కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పొదువుకుంది.

"పేరు సెప్పినాక ఇంకేదో అన్నాది కదే. నాకా మాటలు తెలీలేదు. ఏటంటోంది?"

రత్నం విల్సన్‌ని చూసింది. చెప్పొద్దని కళ్లతోనే బతిమాలింది. తర్వాత తల్లి జుట్టులోని దుమ్ము దులుపుతూ అంది.

"నాను నానేనంటోందమ్మా."